గడ్డి మనుషుల మధ్య మా అత్తమ్మ

ఐర్లండ్‌లో డిసెంబర్ ఇరవై ఆరో తేదీకి మా ఆయన పేరు పెట్టారు. నేనన్న మాట కాదిది, ఆయనే చెప్పుకుంటాడు. క్రిస్మస్ మర్నాడు ఇక్కడ దేశమంతా సెలవు. పక్క దేశంలో లాగా దాన్ని బాక్సింగ్ డే అనరు. సెయింట్ స్టీఫెన్స్ డే అంటారు, నోటి తొందరలో అది ‘స్టీఫెన్స్ డే’ అయిపోతుంది. మా ఆయన పేరు స్టీఫెన్. మేం డ్రోహెడా వచ్చినప్పటి నుంచీ ఏటా ఆ రోజు పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, మూసేసిన షాపుల వైపు చూస్తూ, “నా ఒక్కడి కోసం ఎందుకింత హడావుడి చేస్తారో!” అని నిట్టూర్చడం ఆయనకు ఆనవాయితీ.

అలాంటి మనిషికి ఆ పండుగకే పిలుపు వచ్చింది.

ర్యాన్ చేసిన నేరమేమిటి?

పిలిచింది శివోన్. నేను డ్రోహెడాలో పెద్దాసుపత్రిలో నర్సుని. శివోన్ది మా వార్డే. ఆమె పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ‘సియోభాన్’ అని చదువుతాం, నోటితో పిలిస్తే శివోన్ అవుతుంది. మా అత్తమ్మ మొదటిసారి ఆ పేరు విని, “క్రైస్తవుల పిల్లకి శివుడి పేరేందమ్మాయ్?” అని నన్ను నిలదీసింది. శివోన్ పుట్టిల్లు కెర్రీ జిల్లాలో పడమటి కొసన, నేల అయిపోయి సముద్రం మొదలయ్యే చోట ఒక చిన్న ఊరు.

“ఈసారి స్టీఫెన్స్ డేకి మా ఊరు రండి” అంది శివోన్. “పొద్దున్నే ర్యాన్‌ని వేటాడతాం. ఆ తర్వాత అందరూ తలా ఒక టర్న్ చెయ్యాలి.”

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే మా ఆయన ముఖం మారిపోయింది. “ఎవరీ ర్యాన్? ఏం చేశాడు? వేటాడటమేంటి సునీతా, గార్డులకి చెప్పొచ్చు కదా?” ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు.

మర్నాడు శివోన్‌ని అడిగితే, నవ్వి నవ్వి మందుల ట్రాలీ పట్టుకుని నిలబడిపోయింది. ర్యాన్ అంటే మనిషి కాదట. రెన్ అనే బుల్లిపిట్ట. మన పిచ్చుకలో సగం ఉంటుంది. పడమటి వాళ్ళ నోట్లో అది ర్యాన్ అవుతుంది. పూర్వం స్తెఫను భక్తుడు, అంటే ఈ సెయింట్ స్టీఫెనే, శత్రువులకు దొరక్కుండా పొదలో దాక్కుంటే, ఈ పిట్ట కిచకిచలాడి ఆయన్ని పట్టించిందని ఒక కథ. అందుకని ఆయన పండుగ రోజున మగపిల్లలు ఈ పిట్టను వేటాడి, చంపి, కర్రకు కట్టి, ఇంటింటికీ తిప్పి, దాన్ని పాతిపెట్టడానికి డబ్బులడిగేవారు. ఇప్పుడు ఎవరూ చంపరు. కర్రకు బొమ్మపిట్టను కడతారు. అడిగిన డబ్బు ఏదో ఒక మంచి పనికి ఇచ్చేస్తారు.

మా ఆయనకు పిట్ట సంగతి అర్థమైంది. ‘టర్న్’ సంగతి మాత్రం తనకు నచ్చినట్టు అర్థం చేసుకున్నాడు. ఆయన వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కేరర్. ఆదివారాలు మా తెలుగు సహవాసంలో పాటలు పాడతాడు. పాటలే. వాక్యం చెప్పే అవకాశం మాత్రం ఇంతవరకు రాలేదు. రెండుసార్లు రాబోయింది. రెండుసార్లూ ఇండియా నుంచి దైవజనులెవరో దిగారు. అందుకని, “పండుగ నా పేరు మీద ఉంది. అందరూ టర్న్ చెయ్యాలంటున్నారు. అంటే సాక్ష్యం చెప్పమనేగా?” అని, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మొదటి హతసాక్షి స్తెఫను మీద ఇరవై నిమిషాల ప్రసంగం ఇంగ్లీషులో బట్టీపట్టాడు. కొత్త సూటు కొన్నాడు. నేను రెండుసార్లు అనుమానం చెప్పాను. రెండుసార్లూ “నెగటివ్‌గా మాట్లాడకు” అన్నాడు.

మూడో ప్రయాణికురాలు మా అత్తమ్మ రాహేలమ్మ. ఆమెది తెనాలి దగ్గర పల్లె. నవంబర్‌లో మమ్మల్ని చూడటానికి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి హాల్లో హీటర్ పక్కన కుర్చీ వేసుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, కిటికీలోంచి వాన చూసేది. “ఈ దేశానికి పైకప్పు కారతందిరా స్తెఫనూ” అనేది. మేమిద్దరం డ్యూటీలకు పోతే మాట్లాడే దిక్కు లేదు. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట, ‘గ్రాండ్’. ఇక్కడ బాగున్నావా అన్నా గ్రాండే, కాలు విరిగిందా అన్నా గ్రాండే కాబట్టి ఆ ఒక్క మాటతో నెట్టుకొచ్చింది. కానీ డిసెంబర్ సగానికొచ్చేసరికి రోజూ పొద్దున, “టికెట్టు ముందుకి జరపొచ్చా అబ్బాయ్?” అని అడగడం మొదలుపెట్టింది. మా ఆయన బూట్లు వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఈ ప్రయాణంతోనైనా ఆమె మనసు కుదుటపడుతుందని ఆశపడ్డాం.

క్రిస్మస్ మధ్యాహ్నం, లిమెరిక్ దారి

క్రిస్మస్ ఉదయం ఆరాధన అయ్యాక పులిహోర డబ్బాలతో కారెక్కాం. మన దగ్గర పండుగ రోజున రోడ్డు మీదే సందడి. ఇక్కడ క్రిస్మస్ నాడు దేశం మొత్తం తలుపులేసుకుని లోపల కూర్చుంటుంది. హోటల్ లేదు, టీ కొట్టు లేదు, బస్సు లేదు. మోటర్‌వే మీద మా కారొక్కటే వెళ్తుంటే, అందరికీ తెలిసిన విషయమేదో మా ఒక్కళ్ళకే చెప్పలేదేమోనని భయమేసింది.

లిమెరిక్ దాటాక అత్తమ్మ, “అమ్మాయ్, ఆపమను” అంది. ఎందుకో అడగక్కర్లేదు. పెట్రోల్ బంకులో ఆపాం. తాళం. ఇంకో బంకు. తాళం. మూడోది వచ్చేసరికి అత్తమ్మ మాట్లాడటం మానేసింది. ఇక లాభం లేదని రోడ్డు పక్కన కనిపించిన ఇంటి తలుపు కొట్టాను.

తీసినాయన తల మీద ఊదారంగు కాగితపు కిరీటం ఉంది. చేతిలో ఫోర్కు, ఫోర్కుకి బంగాళాదుంప. ఇక్కడ క్రిస్మస్ భోజనం దగ్గర కాగితపు కిరీటాలు పెట్టుకుంటారని నాకు తెలుసు గానీ అత్తమ్మకు తెలీదు. ఆమె చేతులు జోడించి, తల వంచి, చాలా మర్యాదగా “గ్రాండ్” అంది. ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. “రండి రండి, మెట్ల పక్కన గది” అని లోపలికి తీసుకెళ్ళాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఐదు నిమిషాలైంది. పది అయింది. లోపల నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. చివరికి అత్తమ్మ వచ్చింది. తల మీద ఎర్ర కిరీటం. చేతిలో వేయించిన దుంపలు, టర్కీ ముక్కలతో ప్లేటు, దాని మీద ఫాయిల్ కాగితం కప్పారు. మా పులిహోర డబ్బాల్లో ఒకటి ఆ ఇంటికిచ్చి బయల్దేరాం.

“మంచోళ్ళు” అంది అత్తమ్మ, కిరీటం సర్దుకుంటూ. “ఆయన సంఘ పెద్దా?”

“కాదత్తమ్మా, మామూలు మనిషే.”

“అయితే మరీ మంచోడు.”

దారిలో ఆమెకు పిట్ట కథ చెప్పాను. ఏ చావైనా ఆమెకు పెద్ద విషయమే. “ఎంత పిట్ట? పాతిపెట్టడానికి చందా ఎత్తుకునేంత పిట్టా?” అని రెండుసార్లు అడిగింది. బొటనవేలంత అని చూపిస్తే, “పాపం, ఊరంతా కదిలిందంటే దానిది పెద్ద చావే” అంది.

కాలుతున్న కేకు

ఆ ఊరి పేరు బోర్డు మీద ఐరిష్‌లో చాంతాడంత ఉంటుంది, శివోన్ పలికితే రెండక్షరాలే వినిపిస్తాయి. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు మూడు వచ్చాయి. అందుకని ఆ పేరు రాయడం లేదు. రాసినా మీరు పలకలేరు, పలికినా వాళ్ళు ఒప్పుకోరు.

శివోన్ తల్లి నోరా. ఎనభై దాటిన మనిషి. వంటగదిలో పొయ్యి, పొయ్యి ముందు కుక్క, కుక్క మీద నోరా కాళ్ళు. మమ్మల్ని చూసి లేచి, అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఏదో చాలాసేపు మాట్లాడింది. అది ఇంగ్లీషు కాదు. శివోన్ సిగ్గుపడుతూ చెప్పింది, “మీ అత్తగారికి ఇంగ్లీషు రాదని చెప్పాను. అయితే ఇంగ్లీషుతో పనేముంది, నా భాషలోనే మాట్లాడతానంటోంది.” ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ఇప్పటికీ ఐరిష్ భాషే. అత్తమ్మ ఒక్క క్షణం ఆలోచించి తెలుగులో జవాబిచ్చింది. ఇద్దరూ పొయ్యి పక్కన కూర్చుని, వాళ్ళ వాళ్ళ భాషల్లో, ఒకరి మాటకు ఒకరు అడ్డురాకుండా గంటసేపు కబుర్లాడుకున్నారు. మధ్యలో అత్తమ్మ నాకు చెప్పింది: “ఈమెకి మోకాలి నొప్పంట. పెద్దోడు కబురు పెట్టటల్లేదంట.” శివోన్‌ని అడిగితే రెండూ నిజమే.

రాత్రి భోజనం అయ్యాక నోరా ఒక నల్లటి గుండ్రటి కేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. శివోన్ లైట్లార్పింది. నోరా గరిటెలో ఏదో వేడి చేసి దాని మీద పోసి అగ్గిపుల్ల గీసింది. కేకు భగ్గుమంది. నీలం మంట. మేమింకా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం.

“ఇల్లు తగలబడతంది!” అని అరిచి, అత్తమ్మ నీళ్ళ జగ్గు ఎత్తి మొత్తం కేకు మీద కుమ్మరించింది.

ఎవరూ కదల్లేదు. కుక్క మాత్రం లేచి బల్ల కిందికి వచ్చింది. బల్ల అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మా ఆయన తల చేతుల్లో పెట్టుకున్నాడు. అప్పుడు నోరా భుజాలు కదలడం మొదలైంది. ఆ ముసలామె ఎంత నవ్విందంటే, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కేకు వైపు చూసి మళ్ళీ నవ్వింది. తర్వాత ఆ కేకును తువ్వాలుతో అద్ది మళ్ళీ వెలిగించింది. పోసినది బ్రాందీ అని అత్తమ్మకు ఎవరం చెప్పలేదు. మా అత్తమ్మ దగ్గుమందు సీసా మీద ఆల్కహాల్ అని రాసుంటే కూడా ముట్టుకోని మనిషి. రెండు ముక్కలు తిని, “కొంచెం ఘాటుగా ఉంది, శొంఠి వేశారేమో. వంటికి మంచిదే” అంది.

గడ్డి మనుషులు

మర్నాడు మా ఆయన సూటు వేసుకుని, టై కట్టుకుని, జుట్టుకు నూనె రాసుకుని వంటగదిలోకి వచ్చేసరికి అక్కడ ఏడుగురు గడ్డి మనుషులు టీ తాగుతున్నారు.

ర్యాన్ వేటకు వేసే వేషమది, అక్షరాలా గడ్డే. నడుముకు గడ్డి లంగా, భుజాలకు గడ్డి కప్పు, తల మీద మెడ వరకు దిగిన గడ్డి బుట్ట, దానికి కొస. ముఖాలు కనిపించవు. టీ కోసం బుట్ట కొంచెం ఎత్తి కప్పు లోపలికి పోనిస్తున్నారు. మన దసరా పులివేషాలు గుర్తొచ్చాయి నాకు. కాకపోతే పులికి తోక ఎటో తెలుస్తుంది. వీళ్ళకు ముందేదో వెనకేదో తెలీదు.

“సర్వీస్ ఎన్నింటికి?” అని అడిగాడు మా ఆయన.

“సర్వీసా?” గడ్డిలోంచి శివోన్ గొంతు వచ్చింది. “పబ్ పదిన్నరకి తెరుస్తారు.”

“మరి టర్న్?”

“అదీ పబ్‌లోనే. పాటో, డాన్సో, కథో, ఏదో ఒకటి.”

మా ఆయన జేబులోని ప్రసంగాన్ని తడుముకుని, కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళు గడ్డి వెయ్యబోతే వద్దన్నాడు. “సూటు కొత్తది” అన్నాడు చిన్న గొంతుతో.

వానలో మేళం బయల్దేరింది. ముందు జెండా, దాని వెనక రంగు రిబ్బన్ల కర్ర మీద బొమ్మపిట్ట, ఈలల్లాంటి చిన్న పిల్లనగ్రోవులు, డోళ్ళు. అందరికన్నా ముందు ఒక కొయ్యగుర్రం. లోపల మనిషి, పైన తెల్ల దుప్పటి, తాడు లాగితే టపటపా కొట్టుకునే కొయ్య దవడలు. ఆ గుర్రానికి మా ఆయన మొదటి చూపులోనే నచ్చాడు. వందమంది ఉన్నారు ఆ వీధిలో. గుర్రం నేరుగా ఈయన దగ్గరికే వచ్చి టై పట్టుకుంది. దవడలు ఇరుక్కుపోయాయి. గుర్రం ఆగదు, మేళం ఆగదు. పోస్టాఫీసు నుంచి చర్చి మలుపు దాకా మా ఆయన గుర్రం నోటికి వేలాడుతూ, అందరికీ “హ్యాపీ స్టీఫెన్స్ డే” చెప్తూ వెళ్ళాడు. జనం చప్పట్లు కొట్టారు. ఈ ఏడాది కొత్తగా పెట్టిన వేషమనుకున్నారట.

పదహారు యూరోలకు చేపల సూపూ బ్రౌన్ బ్రెడ్డూ తిన్నాం. ఆ డబ్బుతో తెనాలిలో పెళ్ళివారికి ఇడ్లీ పెట్టొచ్చు. కానీ తడిసి ముద్దై ఉన్నప్పుడు ఆ సూపు గొంతు దిగుతుంటే ధర గుర్తురాదు.

బుట్టల కింద వెతుకులాట

అత్తమ్మను నోరా దగ్గర పొయ్యి పక్కన వదిలి వచ్చాం. మూడింటికి శివోన్‌తో కలిసి ఇంటికి వెళ్తే తలుపు తీసే ఉంది. పొయ్యి మండుతోంది. మనుషులు లేరు. బల్ల మీద అత్తమ్మ షుగర్ మాత్రలు విప్పకుండా అలాగే ఉన్నాయి.

పరిగెత్తుకుంటూ వీధిలోకి వచ్చాం. నోరా ఒక షాపు చూరు కింద ఒంటరిగా నిలబడి, అటూ ఇటూ చూస్తోంది. మమ్మల్ని చూడగానే ఇంగ్లీషులోకి దిగింది. అంత అవసరం వచ్చిందంటే ఏదో జరిగిందన్నమాట.

“నా వెనకే వచ్చింది. ఇప్పటిదాకా ఉంది. డోళ్ళ చప్పుడు వినిపిస్తే కిటికీ దగ్గరికి పోయి నిలబడింది, సరే చూద్దువుగాని పదమని తీసుకొచ్చాను.”

“ఏం వేసుకుంది? తెల్లచీరేనా?” అంది శివోన్.

నోరా ముఖం ఎర్రబడింది. “చలి కదా అని... గడ్డి వేశాను.”

తప్పిపోయిన మనిషి కోసం ఎలా వెతుకుతాం? తెల్లచీర, నీలం స్వెట్టర్, పొట్టి మనిషి అని చెప్తాం. ఇప్పుడేం చెప్పాలి? గడ్డి మనిషి తప్పిపోయిందని చెప్పాలి. వీధి నిండా గడ్డి మనుషులే. చీకటి పడబోతోంది. ఒక పక్క సముద్రం. ఆమెకు ఫోన్ లేదు, భాష లేదు, మధ్యాహ్నం మాత్ర పడలేదు. మా ఆయన “అమ్మా! అమ్మా!” అని అరుస్తూ గడ్డి బుట్టలెత్తి చూడటం మొదలుపెట్టాడు. వేషంలో ఉన్నవాళ్ళ ముఖం ఎత్తి చూడటం అక్కడ పెద్ద తప్పు. ఆయనకా స్పృహ లేదు. మొదటి బుట్ట కింద గడ్డం. రెండో దాని కింద ముద్దు పెట్టుకుంటున్న జంట. మూడో దాని కింద ఊరి చర్చి ఫాదర్.

“ఫాదర్, గార్డులెక్కడుంటారు?” అన్నాడు మా ఆయన దాదాపు ఏడుస్తూ.

పక్కనున్న గడ్డి మనిషి చెయ్యెత్తాడు. “నేనే. ఇవాళ సెలవు. ఏమైంది?” గార్డు గడ్డిలోంచే వివరాలన్నీ అడిగాడు. ఎత్తెంత, వయసెంత, కట్టిన బట్ట ఏమిటి. “గడ్డి” అని నేను చెప్పగానే తన గడ్డి వంక ఒకసారి చూసుకుని, “సరే, నేను రేవు వైపు చూస్తాను, మీరు పైవీధి చూడండి” అని పరిగెత్తాడు. అతని నుంచి రాలిన గడ్డి దారి పొడవునా పడింది.

పైవీధి సగానికి వచ్చామో లేదో మా ఆయన ఆగిపోయాడు.

“ఏంటి?” అన్నాను.

“విను.”

పిల్లనగ్రోవులు, నవ్వులు, వాన. వాటి అడుగున ఎక్కడో ఒక డోలు. పొద్దుటి నుంచి విన్న ఐరిష్ డోలు గుర్రం నడిచినట్టు సాగేది. ఇది అలా లేదు. ఒక దెబ్బ, గ్యాప్, వెంటనే గలగలమంటూ చిన్న దెబ్బలు.

“అది మా తాతయ్య దరువు” అన్నాడు మా ఆయన.

ఆయన నోట నేనీ మాట ఎప్పుడూ వినలేదు. పెళ్ళై పద్నాలుగేళ్ళు. వాళ్ళ తాతగారు, అంటే అత్తమ్మ తండ్రి, డప్పు కొట్టేవాడని నాకు వేరేవాళ్ళ ద్వారా తెలుసు గానీ, మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. చుట్టుపక్కల ఊళ్ళకు పెళ్ళైనా చావైనా ఆయనే వెళ్ళాలట. బాప్తిస్మం తీసుకున్నాక, అది పాత బతుకు, వదిలెయ్యమని సంఘంలో అన్నారు. ఆయన దాన్ని గోడకి తగిలించాడు. ఐనా స్కూల్లో మా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. డప్పు కొట్టి చూపించరా అనేవారట. అందుకే ఆయన పెద్దయ్యాక సూటు మీద సూటు కొన్నాడు. ఇవన్నీ ఆ వానలో నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పి, చప్పుడు వైపు పరిగెత్తాడు.

పొయ్యి పక్కన

పబ్ తలుపు తోస్తే ఆవిరి, గడ్డి వాసన, జనం. నడిమధ్య పొయ్యి. పొయ్యి పక్కన స్టూలు మీద మా అత్తమ్మ. మెడ దాకా గడ్డి, తల మీద నిన్నటి ఎర్ర కాగితపు కిరీటం. ఎడమ భుజానికి ఆనించి అక్కడి డోలు పట్టుకుంది. బౌరాన్ అంటారు దాన్ని, చూడటానికి అచ్చం మన డప్పే. కుడిచేతిలో వాళ్ళ కొయ్యపుల్ల. ఎడమచేతిలో నోరా అల్లిక సూది. ముందు పాడీ అనే ముసలాయన. డోలు ఆయనదే. పిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చుట్టూ సగం పబ్ గెంతుతోంది.

ఎలా వచ్చిందో పాడీ తర్వాత చెప్పాడు. వానకు డోలు చర్మం మెత్తబడి మోగడం లేదట. కాచుదామని పొయ్యి దగ్గరికి తెస్తే, వెనకే వచ్చిన ఒక గడ్డి మనిషి రెండో అంచు పట్టుకుని, తనూ మంటకు చూపించడం మొదలుపెట్టింది. వేషంలో ఉన్నది తన వదినగారనుకున్నాడట. బొటనవేలితో నొక్కడం, తల అడ్డంగా ఊపడం, మళ్ళీ తిప్పి కాచడం. గడ్డికి నిప్పంటుకుంటుందని ఎవరో బుట్ట తీసేస్తే, లోపల ఎవరో కొత్తావిడ! “ఎవరమ్మా మీరు?” అంటే, “గ్రాండ్” అందట. ఆ తర్వాత తను మోసుకొచ్చిన నోరా సంచీలోంచి సూది తీసుకుని మొదలుపెట్టింది.

మా ఆయన జనాన్ని తోసుకుని ముందుకెళ్ళాడు. అత్తమ్మ తలెత్తింది. తడిసిన సూటు, ముడి ఊడిన టై, ఎర్రబడ్డ కళ్ళతో కొడుకు. ఆమె చేతులు ఆగిపోయాయి. డోలును మెల్లగా ఒడిలోకి దించి, దాని మీద గడ్డి కప్పబోయింది.

గెంతుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఏం జరుగుతోందో వాళ్ళకు తెలీదు. ఏదో జరుగుతోందని మాత్రం తెలుసు.

“అమ్మా” అన్నాడు మా ఆయన. “అది... చావు దరువు కదే!”

“మరి పిట్ట చచ్చిపోయిందంటగా” అంది అత్తమ్మ, తప్పు చేసిన పిల్లలా. “చావుకి పెళ్ళి దరువు కొడతారంటరా ఎవరైనా?”

ముందు నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను గానీ, మా ఆయనే ముందు నవ్వేశాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. శివోన్ అడిగితే నేను ఇంగ్లీషులో చెప్పాను: ఇది శవయాత్రకు కొట్టే దరువు, మీ పిట్ట కోసం కొడుతోంది. ఆ మాట పబ్ అంతా పాకింది. పాడీ కుర్చీలోంచి లేచి టోపీ తీశాడు. “ఇన్నేళ్ళుగా ఆ పిట్టను పాతిపెడతామని చెప్పి తాగేస్తున్నాం” అన్నాడు. “ఇవాళ్టికి దానికి సరైన చావు జరిగింది.” అందరూ గ్లాసులెత్తారు. తర్వాత పాడీ మా ఆయన వైపు తిరిగి, “సూటబ్బాయ్, నీ టర్న్ ఇంకా అవ్వలేదు” అన్నాడు.

మా ఆయన చెయ్యి జేబులోకి పోయింది. దేవుడా, ఇరవై నిమిషాలు, అనుకున్నాను. కానీ ఆయన కోటు విప్పి నా చేతికిచ్చాడు.

“ఎత్తుకో అమ్మా” అన్నాడు.

డప్పు ముందు వేసే అడుగులు మా ఆయనకు వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది. వంగి, లేచి, ఒక కాలి మీద తిరిగి, మళ్ళీ వంగి. తాతగారు పెరట్లో నేర్పారట, ఎవరూ చూడకుండా. అత్తమ్మ కొడుకు కాళ్ళ వంక చూస్తూ దరువు మార్చింది, వేగం పెంచింది. తడి నేల మీద జారి ఆయన ఒకసారి బార్ కౌంటర్‌కు గుద్దుకున్నాడు, అదీ అడుగేననుకుని వెనకున్న పదిమందీ వెళ్ళి కౌంటర్‌కు గుద్దుకున్నారు. ఆ మధ్యలో తలుపు తోసుకుని మన గార్డు వచ్చాడు, రేవంతా వెతికి, వగరుస్తూ, సగం గడ్డి రాలిపోయి. కిరీటం పెట్టుకున్న అత్తమ్మను చూశాడు. “ఈమేనా?” అన్నాడు. అవునన్నాను. మిగిలిన గడ్డితోనే డాన్సులోకి దిగాడు.

అత్తమ్మకు మాత్ర వేసి, బంగాళాదుంపలు తినిపించి చూస్తే షుగర్ మామూలుగానే ఉంది.

తిరుగు దారి

మర్నాడు బయల్దేరేటప్పుడు నోరా, అత్తమ్మ ఒకర్నొకరు పట్టుకుని మళ్ళీ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, “మోకాలికి వావిలాకు కట్టుకోమన్నా. సరేనంది” అంది అత్తమ్మ. కెర్రీలో వావిలాకు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలీదు. నోరా మాత్రం చాలా నమ్మకంగా తలూపింది.

కారులో అత్తమ్మ ముందు సీట్లో కూర్చుంది. లిమెరిక్ దాకా వాళ్ళ నాన్న కబుర్లు. చిన్నప్పుడు తనకు దరువులెలా నేర్పాడు, ఎవరి పెళ్ళికి ఏ ఊరు నడిచి వెళ్ళాడు, ఏ దొరగారి చావులో మూడు రోజులు ఆపకుండా కొట్టాడు, ఎంత దూరం నుంచి విని జనం ఎవరింట్లో ఏమైందో చెప్పేవారు. నేను ఇంకో ఇరవై ఏళ్ళు విన్నా తరగని కబుర్లు ఆమె దగ్గర ఉన్నాయని అప్పుడు తెలిసింది. లిమెరిక్ దాటాక మా ఆయన, “ఆ పెళ్ళి దరువు ఒకసారి చెప్పమ్మా” అన్నాడు. ఆమె డాష్‌బోర్డు మీద వేళ్ళతో చూపించింది. ఆయన స్టీరింగ్ మీద పట్టుకోబోయాడు. తప్పు. మళ్ళీ. తప్పు. “నీ ఎడంచెయ్యి నిద్రపోతందిరా” అని కోప్పడింది. డబ్లిన్ దాటేసరికి కొంచెం వచ్చింది. నేను వెనక సీట్లో గడ్డి ఏరుకుంటూ ఒక కునుకు తీశాను.

ఫోన్ మోగితే మెలకువ వచ్చింది. మెసేజ్. యునైటెడ్ కింగ్‌డమ్‌కి స్వాగతం అని ఉంది.

“ఏవండీ” అన్నాను. “డ్రోహెడా ఏదీ?”

ఆయన బోర్డు వైపు చూశాడు. కిలోమీటర్లు పోయి మైళ్ళు వచ్చాయి. దరువులో పడి మా ఊరి ఎగ్జిట్లన్నీ దాటేసి, సరిహద్దు కూడా దాటేసి, యునైటెడ్ కింగ్‌డమ్ కిందికొచ్చే ఉత్తర ఐర్లండ్‌లోకి వచ్చేశాం. అత్తమ్మకున్నది ఐర్లండ్ వీసా ఒక్కటే.

“అమ్మా, మనం ఇంకో దేశంలో ఉన్నాం” అన్నాడు మా ఆయన, వేగం తగ్గిస్తూ. “నీకు వీసా లేదు. వెంటనే వెనక్కి తిప్పాలి.”

అత్తమ్మ కిటికీ అద్దం తుడిచి ఆ దేశం వంక చూసింది. పొలాలు, గొర్రెలు, వాన.

“తిప్పుదువుగాని” అంది, డాష్‌బోర్డు మీద నుంచి చెయ్యి తియ్యకుండా. “ముందిది పూర్తి కానీ. దరువు మధ్యలో ఆపగూడదు.”